గడియ లేని గది: ‘హౌస్‌మెయిడ్’ సినిమాలో వర్గం, చూపు

మా ఇంట్లో పనిచేసే అక్క ఆ సినిమాను మొదటి నుంచీ చూడలేదు. నేను వసారాలో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని చూస్తున్నాను. మా కాలేజీ అమ్మాయిలతో కొరియన్ సినిమా గురించి ఒక గంట మాట్లాడాల్సి ఉంది. అక్క అంట్లు తోమడం ముగించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. తెర మీద ఒక స్త్రీ ఎత్తైన నిచ్చెన ఎక్కి పెద్ద షాండ్లియర్‌ను శుభ్రం చేస్తోంది.

“అంత ఎత్తున తగిలిచ్చుకుంటే దాన్ని నెలకు ఎన్నితూర్లు తుడవాల్నో!” అంది అక్క.

ఆ దృశ్యం గురించి నేను అప్పటికే నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకున్నాను. ఎత్తు అంటే అధికారం, వెలుగు అంటే సంపద అని. తుడవడం గురించి ఒక్క మాటా రాసుకోలేదు. సినిమాలో ఆ స్త్రీ చేస్తున్న పని అదొక్కటే అయినా, నా కంటికి అది ఆనలేదు. ఈ వ్యాసం నేను రాసుకోని ఆ మాట గురించి. ఆమె అనుమతితోనే ఆమె మాటలు ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

అనంతపురంలో కూర్చుని కొరియా సినిమా గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, వేరుశనగ, అప్పులు, వలసలు. మా నేల గురించి అందరికీ తెలిసినవి ఇవే. కానీ కొరియా మా దగ్గరికి వచ్చి చాలా రోజులైంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. విజయనగర రాజుల రెండో రాజధానిగా చెప్పుకునే ఊరి పక్కన, బెంగళూరు హైవే మీద, కొరియన్ లిపిలో బోర్డులు వెలిశాయి. 2022లో ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కానీ మాకు అది ఇప్పటికీ పక్క ఊరే. మా అమ్మాయిలకైతే కొరియా అంటే ఫ్యాక్టరీ కాదు, సీరియళ్ళు. కోట్లకు వారసుడైన కుర్రాడు పేదింటి అమ్మాయిని ప్రేమించడం, అద్దాల్లాంటి ఇళ్ళు, మెరిసే వంటగదులు. ఆ వంటగదిని ఎవరు కడుగుతారన్న ప్రశ్న ఆ సీరియళ్ళలో రాదు. అందుకే నేను ఈ సినిమాను ఎంచుకున్నాను. ఇందులో ఆ ప్రశ్న ఒక్కటే ఉంది.

మూలం 1960లో కిమ్ కి-యంగ్ తీసిన నలుపు తెలుపు సినిమా. దాన్నే ఇమ్ సాంగ్-సూ 2010లో మళ్ళీ తీశాడు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో పోటీ విభాగంలో చూపించారు. రెండింటి కొరియన్ పేరూ ‘హన్యో’. ఆ మాటను విడదీస్తే ‘హా’ అంటే కింద, ‘న్యో’ అంటే స్త్రీ. కింది స్త్రీ. మనం పనిమనిషి అంటాం. మన మాటలో పని ముందుంది, మనిషి తర్వాత ఉంది. వాళ్ళ మాటలో పని అసలు లేదు, ఆమె ఉండాల్సిన స్థానం మాత్రమే ఉంది. రెండు సినిమాల దృశ్యభాషా ఆ ‘కింద’ అనే మాటలోంచే పుట్టింది.

1960 నాటి కథలో యజమాని పెద్ద ధనవంతుడు కాడు. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలకు సంగీతం నేర్పే మాస్టారు. భార్య పగలూ రాత్రీ కుట్టుమిషన్ తొక్కి, ఆ డబ్బుతో రెండంతస్తుల ఇల్లు కట్టించుకుంది. ఒళ్ళు హూనమైపోయి, ఇక చేతకాక, పనిమనిషిని పెట్టుకున్నారు. యుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్ళలో పల్లెల నుంచి సియోల్‌కు వేలాదిగా ఆడపిల్లలు ఇంటిపనులకు వచ్చిన కాలం అది. ఆ ఇంట్లో కొత్త మెట్లే కథకు కేంద్రం. మెట్లు ఎక్కడమంటే పైకి రావడం, జారితే పతనం. యజమాని వల్ల గర్భవతి అయిన పనిమనిషిని ఆ మెట్ల మీద నుంచే పడి కడుపు పోగొట్టుకోమని భార్య ఒప్పిస్తుంది. ఆ తర్వాత పనిమనిషి ఆ ఇంటి మీద పగ పట్టి, ఇంటినే తన గుప్పిట్లోకి తెచ్చుకుంటుంది. ఎలుకల మందు సీసా చుట్టూ ఆ ఇల్లంతా వణుకుతుంది.

ఆ సినిమా ఎవరి వైపు నుంచి చూస్తుంది? నిస్సందేహంగా ఇంటివాళ్ళ వైపు నుంచి. కొత్తగా మధ్యతరగతిలోకి వచ్చిన కుటుంబం, కింది నుంచి వచ్చిన స్త్రీని చూసి పడే భయం అది. వాన కారే కిటికీ అద్దం వెనక ఆమె ముఖం దయ్యంలా కనబడుతుంది. స్త్రీవాదిగా చూస్తే దాన్ని తప్పుబట్టడం చాలా తేలిక. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పనిమనిషికి కోరిక ఉంది, కోపం ఉంది, పథకం ఉంది. ఆమెను చూసి యజమానులు భయపడతారు.

యాభై ఏళ్ళ తర్వాతి రీమేక్ మొత్తం తలకిందులు చేసింది. ఇక్కడ యజమానులు మధ్యతరగతి కాదు, తరతరాల డబ్బు ఉన్నవాళ్ళు. వాళ్ళకు పతనభయం లేదు. పొద్దున్నే భర్త పియానో వాయించుకుంటాడు. భార్య కవలలతో నిండు చూలాలు. చిన్న కూతురుంది. ఆ పిల్లను చూసుకోవడానికి, ఇంటిపనికి ఉన్-ఈ అనే యువతి వస్తుంది. ఆమె అమాయకురాలు, పిల్లలంటే ఇష్టం, ఎవరికీ హాని తలపెట్టదు. యజమాని ఆమె గదిలోకి వస్తాడు. తర్వాత చెక్కు రాసిస్తాడు. ఆమె గర్భవతి అవుతుంది. ఇక భార్య, అత్తగారు కలిసి ఆ గర్భాన్ని ఏం చెయ్యాలో చూసుకుంటారు. నిచ్చెన పడిపోతుంది. డబ్బు ఇస్తామంటారు. చివరికి మందులో విషం కలుస్తుంది.

తెలుగు ప్రేక్షకులకు రీమేక్ అంటే వ్యాపారం. ఒక భాషలో ఆడిన కథను పాటలు మార్చి ఇంకో భాషలో ఆడించడం. ఇక్కడ దర్శకుడు మార్చింది యజమాని తరగతిని. తరగతి మారగానే ఇల్లు మారింది. ఇల్లు మారగానే కెమెరా నడక మారింది. ఇరుకు గదుల్లో, తలుపుల సందుల్లోంచి తొంగిచూసిన 1960 నాటి కెమెరా, 2010లో విశాలమైన పాలరాతి నేల మీద జారుతున్నట్టు కదులుతుంది. పైనుంచి చూస్తే మనుషులు చదరంగం పావుల్లా కనబడతారు. నున్నటి చెక్క, ఎర్రటి వైన్, నల్లటి రాయి, పియానో మూత. కంటికి తగిలే ప్రతి వస్తువూ మెరుస్తుంది.

కానీ సినిమా మొదలయ్యేది ఆ ఇంట్లో కాదు. రాత్రిపూట కిక్కిరిసిన వీధిలో. కెమెరాను చేత్తో పట్టుకుని జనంలో తిరుగుతూ తీసినట్టుంటుంది. తిండి బండ్లు, వంటపని చేసే ఆడవాళ్ళు, సరదాకు వచ్చిన కుర్రకారు. ఒక భవనం మీద నుంచి ఎవరో ఒక యువతి దూకేస్తుంది. ఆమె ఎవరో, ఎందుకు దూకిందో సినిమా ఎక్కడా చెప్పదు. కాసేపు జనం చూస్తారు, మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడిపోతారు. ఆ వీధిలో పనిచేస్తున్న ఉన్-ఈ కూడా వెళ్ళి చూస్తుంది. ఈ మొదటి నిమిషాల్లో వర్గం అంటే ఏమిటో సినిమా తేల్చి చెప్పేసింది. కిందివాళ్ళ లోకంలో కెమెరా వణుకుతుంది, చెమట కనబడుతుంది, చావు కూడా నలుగురి మధ్య జరుగుతుంది. పైవాళ్ళ లోకంలో కెమెరా నిలకడగా ఉంటుంది, ఏదీ బయటికి వినబడదు. వర్గసంఘర్షణను ఈ సినిమా నినాదాలతో కాక కెమెరా నిలకడతో చెబుతుంది. దాని గొప్పతనం అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను.

మరి దాని ఇబ్బంది ఎక్కడ? ఆ మెరుపును విమర్శించడానికే దర్శకుడు చూపిస్తున్నాడని తెలుస్తూనే ఉంటుంది. అయితే ఆ మెరుపు మీద కెమెరాకు మోజు కూడా ఉంది. ఉన్-ఈ స్నానాల తొట్టి కడుగుతుంటే కెమెరా ఆమె వెనక నుంచి, యజమాని కళ్ళతో చూస్తుంది. సినిమాలో స్త్రీని చూపే కన్ను సాధారణంగా మగకన్ను అని లారా మల్వీ 1975లో రాసింది మనలో చాలామంది తరగతుల్లో చెప్పేదే. ఇక్కడ దానికి ఇంకో మెలిక ఉంది. ఆ కన్ను మగవాడిది మాత్రమే కాదు, జీతం ఇచ్చేవాడిది కూడా. జీతం ఇచ్చేవాడు పని చేసే ఒంటిని చూస్తే అందులో పని కనబడదు, ఒళ్ళు మాత్రమే కనబడుతుంది. ఆ చూపులో తొట్టికి పట్టిన మురికి మాయమైపోతుంది. వంగిన నడుము నొప్పి మాయమైపోతుంది.

అక్క ఆ తొట్టిని చూసి అన్నది వేరు. “దాని నిండుకు నీళ్ళు పట్టాలంటే మా వీధికి రెండు దినాల నీళ్ళు మేడం!” బిందెల లెక్కలో బతికే ఊళ్ళో ఆ తొట్టి శృంగారం కాదు, నీళ్ళ లెక్క.

అక్కది కదిరి పక్క పల్లె. వేరుశనగ వరసగా ఎండిపోయిన ఏళ్ళలో అప్పు తీర్చడానికి కువైట్ పోయింది. 30 ఏళ్ళు నిండని స్త్రీలను గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నియమం. ఆమె 24 ఏళ్ళకే పోయింది. వయసు సంగతి ఏజెంటు చూసుకున్నాడు. ఐదేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి వచ్చింది. అక్కడి సంగతులు నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను.

యజమాని వైన్ సీసా పట్టుకుని ఉన్-ఈ గదిలోకి వచ్చే దృశ్యాన్ని ఆమె ముందు దాటించేద్దామనుకున్నాను. చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఎందుకు దాటించాలనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. అలాంటివి చూడ్డానికి నాకు చదువు ఉంది, ఆమెకు లేదని కదా నా లోపలి భావం! ఆమె నా చెయ్యి చూసింది. “ఉండనీ మేడం” అంది. చూసింది. తర్వాత ఒకే ప్రశ్న వేసింది.

“ఆ రూముకు లోపల గడియ ఉండ్లేదా?”

నేను వీడియోను వెనక్కి తిప్పి చూశాను. తలుపు తెరుచుకోవడమే సినిమా చూపిస్తుంది. ఆ తలుపుకు గడియ ఉందా లేదా అన్నది సినిమాకు పట్టలేదు. విమర్శకురాలిగా నాకూ పట్టలేదు. ఆ దృశ్యం గురించి నా నోట్‌బుక్‌లో కోరిక, అంగీకారం, అధికారం అని మూడు మాటలున్నాయి. ఉన్-ఈకి కూడా కోరిక ఉన్నట్టే సినిమా చూపిస్తుంది. దాన్ని నేను కొట్టిపారెయ్యను. పనిచేసే స్త్రీకి కోరిక ఉండదనడం ఇంకో రకం అవమానం. కానీ ఆమె కోరికను తూచే ముందు, వద్దు అనుకుంటే ఆ తలుపు వేసుకునే వీలు ఆమెకు ఉందా అని కదా చూడాలి. గడియ లేని గదిలో సరే అన్న మాటకు ఎంత విలువ? ఈ సినిమాను ‘ఎరోటిక్ థ్రిల్లర్’ అని అమ్మారు. ఆ రెండు మాటల్లో మొదటిది యజమానిది. పనిచేసే ఆమెకు మిగిలేది రెండోదే.

“మేము నలుగురం ఆడోళ్ళం ఒకే రూములో పండుకుంటాంటిమి. గడియ లేదు. తలుపుకు అడ్డంగా బియ్యం మూట పెట్టుకుంటాంటిమి” అంది అక్క. అంతకుమించి చెప్పలేదు.

ఇంటి తలుపు దగ్గర చట్టాలు ఆగిపోవడం రెండు దేశాల్లోనూ ఉంది. కొరియాలో 1953 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ఇంటిపని చేసేవాళ్ళను మినహాయించింది. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, గుర్తింపు పొందిన సంస్థల ద్వారా పనిలో చేరినవాళ్ళకే రక్షణ ఇస్తుంది. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద మన 2013 చట్టంలో ఇల్లు కూడా పనిచోటే అని ఉంది. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలని కూడా ఉంది. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో నేను అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. కాలేజీ అమ్మాయిలకు మాత్రం ఏటా చెబుతాను.

యజమాని గురించి సినిమా ఒక నిజాన్ని చాలా బాగా పట్టుకుంది. అతను ఏ చెడ్డపనీ తన చేత్తో చెయ్యడు. నిచ్చెన తన్నేది అత్తగారు. మందు కలపడం దాకా వెళ్ళేది ఆ తల్లీకూతుళ్ళు. ఒకే మగవాడి వల్ల ఆ ఇంట్లో ఇద్దరు స్త్రీలు గర్భవతులు. ఒక కడుపుకు దిష్టి తీస్తారు, ఇంకో కడుపుకు విషం పోస్తారు. వారసత్వం, ఆస్తి అనే రెండు పట్టాల మధ్య భార్య కూడా బందీయే. కానీ ఆమె బందిఖానాకు పాలరాతి నేల ఉంది, ఆ నేల తుడవడానికి వేరే స్త్రీ ఉంది. ‘స్త్రీలందరం ఒకటే’ అని మనం తేలిగ్గా అనేసే మాటను ఈ సినిమా ముందు పెట్టి చూసుకోవాలి. పితృస్వామ్యం పైవర్గపు ఆడవాళ్ళ చేతికి తాళాలగుత్తి ఇస్తుంది. ఆ గుత్తిలో ఉండేవి కింది ఆడవాళ్ళ గదుల తాళాలు.

ఈ ఇద్దరి మధ్యా మూడో స్త్రీ ఉంది. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి పెత్తనం చేస్తున్న పెద్ద పనామె. ఉన్-ఈ గర్భవతి అని ఉన్-ఈ కంటే ముందే కనిపెట్టి, ఆ కబురు అత్తగారికి మోసేది ఆమే. కొడుకును చదివించి ప్రాసిక్యూటర్‌ను చేసుకుంది. ఆ ఇంటివాళ్ళంటే లోపల ఒళ్ళంతా కంపరం, పైకి వినయం. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నిజంగా అనిపించిన పాత్ర ఆమెదే. ఆ పాత్ర వేసిన యూన్ యో-జంగ్ సినిమాల్లోకి వచ్చింది 1971లో. కిమ్ కి-యంగ్ తన కథనే మళ్ళీ తీసిన ‘వుమన్ ఆఫ్ ఫైర్’లో, పనిమనిషి వేషంతో. అంటే ఇరవైల్లో పనిమనిషిగా వేసిన నటి, అరవైల్లో అదే కథలో పనిమనుషుల మీద పెద్దగా మళ్ళీ వచ్చింది. 2021లో ‘మినారి’ సినిమాకు ఆస్కార్ తీసుకుంటూ ఆమె కిమ్ కి-యంగ్‌ను తలుచుకుంది. ఒక స్త్రీ శరీరం మీద నలభై ఏళ్ళ కథ ఎలా వయసు మళ్ళిందో చూడాలంటే ఈ రెండు సినిమాలూ పక్కపక్కన చూడాలి. కోపం పోలేదు, పెదవుల చివరికి చేరింది.

మనకు ఇలాంటి సినిమా లేదా? ఉంది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’. నిజాం కాలపు తెలంగాణ గడీలో కమలాక్షి అనే దాసి కథ. దొర ఆమెను వాడుకుంటాడు. ఆమె గర్భవతి అవుతుంది. ఆ కడుపు తీయించేస్తారు. కథ చెబితే కొరియా సినిమాకూ దీనికీ పెద్ద తేడా ఉండదు. చూస్తే మాత్రం రెండూ రెండు లోకాలు. ‘దాసి’లో ఏదీ మెరవదు. ఎ.కె. బీర్ కెమెరా, తోట వైకుంఠం కళ ఆ గడీని మట్టిరంగులో, నీడలో ఉంచాయి. మాటలు తక్కువ. కమలాక్షి నడవడం, మొయ్యడం, ఎదురుచూడటం, పిలిస్తే పోవడం. అర్చన ముఖం మీద ఏ ఆకర్షణా పూయకుండా, ఆ పని ఎంతసేపు పడుతుందో అంతసేపు కెమెరా ఆగుతుంది. చూసేవాళ్ళకు విసుగు పుట్టేంతగా. ఆ విసుగే ఆమె రోజు. అర్చనకు, బీర్‌కు, వైకుంఠానికి జాతీయ అవార్డులు వచ్చాయి, సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా వచ్చింది.

‘దాసి’ గడీల కథే, మా సీమది కాదు అని తోసెయ్యడానికి లేదు. ఆ సినిమా వచ్చిన 1988లోనే మన రాష్ట్రం దేవదాసీలుగా ఆడపిల్లలను అంకితం చెయ్యడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కర్ణాటక సరిహద్దున ఉన్న మా పల్లెల్లో బసివి అన్న మాట ఇంకా పెద్దవాళ్ళ నోట వినబడుతుంది. పేరు వేరు, దేవుడు అడ్డం. గడియ లేకపోవడం మాత్రం ఒక్కటే.

రెండు సినిమాలనూ పక్కన పెడితే నాకు తోచింది ఇది. కొరియా రీమేక్ పనిమనిషి మీద జాలి చూపిస్తుంది, కానీ చూపు యజమాని దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ‘దాసి’ జాలి కూడా అడగదు, పని జరిగే కాలాన్ని చూపిస్తుంది. ఒక విషయంలో మాత్రం రెండూ 1960 నాటి సినిమా కంటే వెనకబడ్డాయేమో అనిపిస్తుంది. భయపెట్టే పనిమనిషి స్థానంలోకి బాధపడే పనిమనిషి వచ్చింది. మన సానుభూతి కావాలంటే ఆమె మంచిదై ఉండాలి, అమాయకురాలై ఉండాలి, ఎదురు తిరగకుండా ఉండాలి. ఎదురుతిరిగే కింది స్త్రీని ప్రేమించడం మన సాహిత్యంలో కూడా ఎంతమందికి చేతనైంది?

రీమేక్ ముగింపు చాలామందికి గుర్తుండిపోతుంది. అన్నీ పోగొట్టుకున్న ఉన్-ఈ తిరిగొచ్చి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, తాను తుడిచిన ఆ షాండ్లియర్ దగ్గరే ప్రాణం తీసుకుంటుంది. మంట లేస్తుంది. నా నోట్‌బుక్‌లో దీనికి ‘ప్రతిఘటన’ అని రాసి కింద గీత గీశాను. మొదటి దృశ్యంలో ఎవరూ పట్టించుకోని చావుకు ఇది జవాబు, కింది స్త్రీ ఇప్పుడు పైకెక్కి అందరి కళ్ళనూ తనవైపు తిప్పుకుంది, ఇలా సాగింది నా వివరణ. అక్కకు కూడా అదే చెప్పాను.

ఆమె ఒప్పుకోలేదు. “కాల్చుకుంటే వాళ్ళకేం పాయ మేడం? ఆయమ్మే పాయ. మా పక్క ఇట్ల ఎంతమంది పోల్యా? ఒక్కరన్నా గెల్చినారా?”

నాకు జవాబు తోచలేదు. కరువు నేల మీద ఆత్మహత్యలను ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన జిల్లా మాది. వంటింటి మంటల్లో పోయిన కోడళ్ళను స్టవ్ పేలిందని రాసుకున్న ఊళ్ళు మావి. ఆ చావుల్లో దేన్నీ నేను ప్రతిఘటన అనలేదు. కొరియా సినిమాలో, అందమైన వెలుగులో, మంచి కోణంలో తీస్తే మాత్రం ఎలా అనగలిగాను? చూడటానికి బావుంది కాబట్టి. నా చూపు కూడా ఆ ఇంటి మెరుపులో పడిపోయింది కాబట్టి.

సినిమాకు ఈ అనుమానం ఉందని ఒప్పుకోవాలి. మంట తర్వాత ఇంకో చిన్న దృశ్యం ఉంది. మంచు కురిసిన చోట, ఆరుబయట, కూతురి పుట్టినరోజు. తల్లిదండ్రులు ఇంగ్లీషులో మాట్లాడుతూ, పాట పాడుతూ ఉంటారు. ఏమీ జరగలేదు. వాళ్ళకు ఏం పోలేదు. అక్క చెప్పింది అదే కదా! ఆ చిన్నపిల్ల ఒక్కతే ఎటో చూస్తూ ఉంటుంది. ఆమెకు జ్ఞాపకం ఉంటుందేమో. చావు గెలవలేదని దర్శకుడికీ తెలుసు. కానీ ఆ మాట ఆయన ఒక్క నిమిషంలో చెప్పి, మంటను మాత్రం తీరిగ్గా చూపించాడు.

కాలేజీలో ఆ గంట మాట్లాడాను. ఎత్తు, వెలుగు, మెట్లు, మెరుపు అన్నీ చెప్పాను. చివర్లో అమ్మాయిలను ఒకటి అడిగాను: మీరు చూసే సీరియళ్ళలో పనామె గది ఎప్పుడైనా చూపించారా, దానికి లోపల గడియ ఉందా అని. గదంతా నవ్వింది. తర్వాత వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, “మా అమ్మ బెంగళూరులో ఇండ్లల్లో పని చేస్తుంది మేడం. ఆమెకు రూమే ల్యా” అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా ఇంటిని చూశాను. అక్క నన్ను మేడం అంటుంది, నేను ఆమెను అక్క అంటాను. ఈ వరస కలపడం నాకు ఖర్చులేని పని. ఆమెకు విడిగా స్టీలు గ్లాసు లేదని నాకు లోలోపల గర్వం కూడా ఉండేది. నాలుగేళ్ళుగా ఆమె మా బాత్‌రూమ్ రోజూ కడుగుతోంది. ఒక్కరోజు కూడా వాడుకోలేదు. పొద్దున ఏడింటికి వచ్చి పన్నెండింటికి పోయే మనిషి, మధ్యలో ఎక్కడికి పోతుందని నేను ఎప్పుడూ అడగలేదు. మర్నాడు అడిగాను.

“ఇంటికి పోయినాకనే” అంది.

“ఇక్కడే వాడుకోవచ్చు కదక్కా, లోపల గడియ కూడా ఉంది” అన్నాను.

అక్క నవ్వింది. “గడియ ఉండేది నాకు తెలీదా? దినామూ తుడిచేది నేనే కదా!” అని, బకెట్ తీసుకుని లోపలికి పోయింది.